డ్రైవర్ దిగిపోయిన సైకిలు

కృష్ణగిరి నుంచి హోసూరుకు సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాళ్లు ఆ యాభై కిలోమీటర్ల సంగతి మ్యాపు చూసి తెలుసుకోనక్కర్లేదు, పిక్కలే చెబుతాయి. కృష్ణగిరి సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. హోసూరు 900 మీటర్లకు దగ్గర. పొద్దున్నే చల్లగాలిలో హాయిగా దిగిన 44వ నంబరు జాతీయ రహదారే, ఎండెక్కాక తిరుగు ప్రయాణంలో శూలగిరి చుట్టుపక్కలకు వచ్చేసరికి ఎదురు తిరుగుతుంది. పక్కనుంచి లారీలు దూసుకుపోతుంటే గేరు తగ్గించి, తల వంచుకుని, ఒక్కో తొక్కుడూ లెక్కపెట్టుకుంటూ రావాలి.

ఇదే ఎగుడు దారిని నాలుగు గోడల మధ్య, అంగుళం కూడా ముందుకు కదలని సైకిలు మీద, కాళ్లకు అచ్చం అలాగే అనిపించేలా చేసే యంత్రం ఒకటుంది. సైకిలు వెనక చక్రాన్ని ఇనుప స్టాండుకు బిగిస్తారు. టైరుకు ఆనుకుని ఒక రోలరు, ఆ రోలరుకు ఒక బ్రేకు. బ్రేకు ఎంత బిగుసుకోవాలో కంప్యూటరు చెబుతుంది. దీని పేరు స్మార్ట్ ట్రైనర్. లెక్క బడిలో చదువుకున్నదే. మనిషి, సైకిలు కలిపి 80 కిలోలు అనుకుందాం. దారి నూరు మీటర్లకు నాలుగు మీటర్లు లేస్తోంది. వేగం గంటకు 15 కిలోమీటర్లు. కేవలం ఆ ఎత్తు ఎక్కడానికే 130 వాట్లు కావాలి, అంటే పాతరకం సీలింగ్ ఫ్యాన్లు రెండింటిని తిప్పడానికి కాస్త తక్కువ. గాలి, టైరు ఒరిపిడి దీనికి అదనం. కంప్యూటరు క్షణక్షణం ఈ లెక్క కట్టి బ్రేకుకు కబురు పంపుతూ ఉంటుంది.

చిక్కంతా ఆ కబురు దగ్గరే.

ట్రైనరు ఇనుముతో చేసింది. సరిగ్గా చూసుకుంటే పదిహేనేళ్లయినా దాని ఫ్రేము వంగదు. దానికి తగిలించిన కంప్యూటరు మాత్రం కొన్నేళ్లకోసారి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి మారుతుంది. రాత్రి అప్‌గ్రేడ్ పెట్టి పడుకుంటారు. పొద్దున్నే లేచి చూస్తే సాఫ్ట్‌వేర్ మామూలుగానే తెరుచుకుంటుంది, తెర మీద దారి కూడా కనిపిస్తుంది, యంత్రం మాత్రం దొరకలేదంటుంది. డివైస్ మేనేజర్‌లో ట్రైనరు పేరు ఉండాల్సిన చోట పసుపు త్రికోణం, అందులో ఆశ్చర్యార్థకం. కేబుల్ మారుస్తారు, సాకెట్టు మారుస్తారు, చివరికి యంత్రమే పోయిందనుకుని మూలన పడేస్తారు. నిజానికి అది పోలేదు. దానికీ కంప్యూటరుకూ మధ్య దుబాసీగా ఉన్న చిన్న ప్రోగ్రాము ఒకటి పనిలోంచి దిగిపోయింది. ఆ దుబాసీనే కంప్యూటరు భాషలో డ్రైవర్ అంటారు.

ఈ యంత్రం మూలాలకు వెళితే డ్రైవరూ లేదు, కంప్యూటరూ లేదు. మనిషి పని చేసేటప్పుడు ఎంత ఆక్సిజన్ వాడుకుంటాడో తేల్చడానికి కోపెన్‌హాగెన్‌లో ఆగస్ట్ క్రోగ్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త విద్యుదయస్కాంత బ్రేకు ఉన్న సైకిలు ఎర్గోమీటరు తయారుచేసి, 1913లో దాని వివరాలు ప్రచురించాడు. ఆయనకు 1920లో నోబెల్ బహుమతి వచ్చింది. పెడల్ తొక్కితే లోహపు చక్రం అయస్కాంతాల మధ్య తిరుగుతుంది. అయస్కాంత క్షేత్రంలో తిరిగే లోహంలో సుడులు సుడులుగా విద్యుత్తు పుడుతుంది. ఆ సుడులు తమను పుట్టించిన కదలికకే అడ్డం పడతాయి. అయస్కాంతానికి కరెంటు పెంచితే చక్రం బరువెక్కుతుంది, తగ్గిస్తే తేలికవుతుంది. ఎక్కడా రాపిడి లేదు, అరుగుదల లేదు. ఈ బ్రేకును దాదాపు అన్ని తెలుగిళ్లవాళ్లూ చూసే ఉంటారు. వరండా గోడకు బిగించిన పాత కరెంటు మీటరులో, అద్దం వెనక నింపాదిగా తిరిగే అల్యూమినియం బిళ్ల హద్దు మీరకుండా అయస్కాంతం పట్టి ఉంచేది ఈ సూత్రంతోనే.

క్రోగ్ యంత్రానికి తీగలు కలిపి కరెంటిస్తే చాలు. ఏ తయారీదారు అనుమతీ అక్కర్లేదు.

కంప్యూటరును దీనికి ముడిపెట్టింది అమెరికాలో సియాటిల్ నగరానికి చెందిన రేసర్‌మేట్ కంపెనీ. దాని కంప్యుట్రైనర్ మొదట్లో నింటెండో ఆటల పెట్టెతో కూడా పనిచేసేది. రేసర్‌మేట్ చాలెంజ్ 2 అనే క్యాసెట్టు పెట్టుకుని, టీవీలో బొమ్మ సైకిలును సొంత కాళ్లతో నడిపేవారు. తర్వాత ఇంటి కంప్యూటర్ల వంతు వచ్చింది. వాటి వెనక తొమ్మిది సూదుల సీరియల్ పోర్టు ఉండేది. కంప్యుట్రైనర్ ఆ తొమ్మిది సూదుల గుండా సెకనుకు 2400 బిట్ల వేగంతో మాట్లాడేది. ఇవాళ్టి వీడియో కాల్ అంతకు వందల రెట్లు మోస్తుంది. కానీ 'వాలు ఇంత, వేగం ఇంత' అని చెప్పడానికి 2400 బిట్లు బోలెడు.

తర్వాత ల్యాప్‌టాప్‌ల నుంచి ఆ పోర్టే మాయమైంది. అప్పుడు యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే కన్వర్టర్ కేబుళ్లు వచ్చాయి. హోసూరు నుంచి బస్సెక్కితే బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఇలాంటివి గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. చాలావాటి ప్లాస్టిక్ తొడుగులో ఉండేది ప్రోలిఫిక్ కంపెనీ పీఎల్-2303 చిప్పు, లేదా దాని నకలు. నకళ్ల బెడదతో ఆ కంపెనీ పాత రకం చిప్పులకు కొత్త విండోస్‌లో మద్దతు తీసేసింది. అసలు చిప్పు కొన్నవాళ్లు కూడా అందులో చిక్కుకున్నారు. విండోస్ 11లో అలాంటి కేబుల్ గుచ్చితే డివైస్ మేనేజర్‌లో పరికరం పేరు రావాల్సిన చోట, ఈ చిప్పును 2012 నుంచి ఆపేశామనీ అమ్మినవాళ్లను సంప్రదించమనీ ఒక వాక్యం కనిపిస్తుంది. 2014 అక్టోబరులో ఎఫ్‌టీడీఐ అనే మరో చిప్పుల కంపెనీ ఇంకా ముందుకు పోయింది. విండోస్ అప్‌డేట్‌తో పాటు వచ్చిన దాని డ్రైవరు నకలు చిప్పుల గుర్తింపు సంఖ్యను సున్నా చేసి వాటిని పనికిరాకుండా చేసింది. నకలు చేయడం తప్పే. అయినా రెండు వందల రూపాయల కేబుల్లో ఏ చిప్పు ఉందో కొన్నవాడికి తెలిసే దారి లేదు. ఆ శిక్ష పడాల్సింది అతనికి కాదు.

అసలు సాఫ్ట్‌వేర్ తెరుచుకుని యంత్రం ఒక్కటే ఎందుకు అందదు? కంప్యూటరులో రెండు రకాల పనివాళ్లుంటారు. మామూలు ప్రోగ్రాములు బయటి వసారాలో పనిచేస్తాయి. డ్రైవర్లు లోపలి గదిలోకి, కెర్నెల్‌లోకి వెళతాయి. 64-బిట్ విండోస్ వసారాలో 32-బిట్ పాత ప్రోగ్రాములకు ఇంకా చోటుంది. లోపలి గదిలో లేదు, అక్కడ అందరూ 64-బిట్ వాళ్లే కావాలి. 2007లో జనంలోకి వచ్చిన 64-బిట్ విస్టాతో మరో నిబంధన చేరింది: డిజిటల్ సంతకం లేని డ్రైవరుకు లోపలికి ప్రవేశం లేదు. పదేళ్లు గడవకముందే, 2016లో విండోస్ 10 కొత్త డ్రైవర్లకు ఆ సంతకం మైక్రోసాఫ్ట్‌దే కావాలంది. 2021లో వచ్చిన విండోస్ 11కు 32-బిట్ కూర్పే లేదు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మామూలు మద్దతు ముగియడంతో ఇంకెందరో అటువైపు నడవాల్సి వచ్చింది. ఆపిల్ కంప్యూటర్లలో ఇంకా కచ్చితం. 2019 అక్టోబరులో వచ్చిన క్యాటలినా కూర్పు 32-బిట్ ప్రోగ్రాములను వసారాలోంచి కూడా పంపించేసింది.

ఈ నిబంధనలు ఊరికే పెట్టినవి కావు. లోపలి గదిలోకి చొరబడ్డ దొంగ ప్రోగ్రాము ఇల్లంతా దోచగలదు. తలుపులు బిగించాల్సిందే. బాధంతా, అప్పటిదాకా నమ్మకంగా పనిచేసిన ముసలి డ్రైవర్లు కూడా దొంగలతో పాటు బయటే నిలబడిపోవడం.

నెదర్లాండ్స్‌లోని టాక్స్ కంపెనీ 2000ల తొలి ఏళ్లలో చేసిన ఐ-మ్యాజిక్, ఫోర్టియస్ ట్రైనర్లకు జరిగింది ఇదే. ఫోర్టియస్ మంచి పనితనమున్న యంత్రం. దిగుడు వస్తే చక్రాన్ని తనే తిప్పే మోటారు అందులో ఉంది. హోసూరు నుంచి కృష్ణగిరి వైపు జారుతున్నట్టు కాళ్లకు తెలియాలంటే అలాంటిదే కావాలి. హ్యాండిల్ మీద బిగించే దాని హెడ్ యూనిట్లలో కొన్నింటికి ఒక విచిత్రమైన గుణముంది. కరెంటు రాగానే వాటికి తామెవరో తెలియదు. కంప్యూటరు వైపు నుంచి ఫర్మ్‌వేర్ అనే చిన్న ఫైలు లోపలికి వెళ్లాలి. అది వెళ్లాక ఆ పెట్టె ఒక్కసారి యూఎస్‌బీ నుంచి మాయమై, కొత్త గుర్తింపు సంఖ్యతో మళ్లీ ప్రత్యక్షమవుతుంది. అప్పుడే అది ట్రైనరు. ఆ ఫైలును చేరవేసేది డ్రైవరే. డ్రైవరుకు తలుపు మూసుకుపోతే పెట్టె తన పేరు మరిచిపోయినట్టు అలాగే ఉండిపోతుంది. 2019లో టాక్స్‌ను గార్మిన్ కొనేసింది. కొత్త ట్రైనర్లు వచ్చాయి, పాతవాటి సాఫ్ట్‌వేర్‌కు కాలం చెల్లింది.

కొత్తవి వేరే దారి పట్టాయి. ప్రతి కంపెనీకీ ఒక రహస్య భాష, దానికో డ్రైవరు అనే పద్ధతి మానేసి, అందరికీ తెలిసిన భాష మాట్లాడడం మొదలుపెట్టాయి. యాంట్ ప్లస్ అనే వైర్‌లెస్ పద్ధతిలో ట్రైనర్లకు ఒక ఉమ్మడి భాష వచ్చింది. 2017లో బ్లూటూత్ సంఘం ట్రెడ్‌మిల్లు, రోయింగ్ యంత్రం, సైకిలు అన్నింటికీ కలిపి ఫిట్‌నెస్ మెషిన్ సర్వీస్ అనే ప్రమాణం పెట్టింది. వ్యాయామ యంత్రాల చరిత్రలో ఇంతకంటే పనికొచ్చే మార్పు ఇటీవల లేదనే చెప్పాలి. అయినా ఆపరేటింగ్ సిస్టమ్ నీడ పూర్తిగా తొలగలేదు. ఆండ్రాయిడ్ 6 నుంచి 11 దాకా బ్లూటూత్ యంత్రాన్ని వెతకాలంటే లొకేషన్ అనుమతి ఇవ్వాలి. ట్రెడ్‌మిల్లుకు నేనెక్కడున్నానో ఎందుకని వద్దన్నవాళ్లకు యంత్రం కనబడేది కాదు. 2021లో ఆండ్రాయిడ్ 12 వచ్చి ఆ అనుమతులను విడదీసి కొత్తవి పెట్టింది.

హోసూరు, కృష్ణగిరి వాళ్లకు ఈ కథ పరాయిది కాదు. టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి 1984లో మొదలుపెట్టిన టైటన్ గడియారాలు పుట్టిన చోటు హోసూరే. అప్పటి క్వార్ట్జ్ గడియారం డ్రాయరులో దొరికితే బటన్ బ్యాటరీ మార్చి చూడొచ్చు, తిరిగే అవకాశం బాగానే ఉంది. అదే టైటన్ 2020లో హైదరాబాదు సంస్థ హగ్ ఇన్నోవేషన్స్‌ను తనలో కలుపుకుని స్మార్ట్ వాచీల వైపు నడిచింది. స్మార్ట్ వాచీ అడుగులు లెక్కపెడుతుంది, వాటిని దాచి చూపించేది ఫోనులోని యాప్. ఇక చక్రాల సంగతి. టీవీఎస్ మోపెడ్లు చేసిన హోసూరులోనే 2021లో ఏథర్ విద్యుత్ స్కూటర్ల కర్మాగారం తెరిచారు. కృష్ణగిరి జిల్లా పోచంపల్లి దగ్గర 500 ఎకరాల్లో ఓలా స్కూటర్ల కర్మాగారం లేచింది. ఈ బండ్ల సాఫ్ట్‌వేర్ గాలిలోంచే మారుతుంటుంది. స్పానర్లతో ఇంజన్లు విప్పడం తెలిసిన ఊళ్లివి. పాత మోపెడ్‌కు పిస్టన్ రింగు దొరక్కపోతే లేత్ మీద చేయించుకునేవారు. డ్రైవరును అలా లేత్ మీద చేయించలేరు. అందుకే, ఒక యంత్రానికి మద్దతు ఆపేసే కంపెనీ కనీసం అది మాట్లాడే భాషనైనా బయటపెట్టి వెళ్లడం న్యాయం. రేసర్‌మేట్ 2017లో కంప్యుట్రైనర్ తయారీ ఆపాక తన సాఫ్ట్‌వేర్ కోడును జనానికి వదిలింది.

మిగతావాటికి ఆ భాషను తొక్కేవాళ్లే తవ్వి తీశారు. యూఎస్‌బీ తీగలో వచ్చిపోయే అంకెలను రాసుకుని, వాలు మార్చినప్పుడు ఏ అంకె మారుతోందో పట్టుకున్నారు. అలా పుట్టినదే ఫోర్టియస్‌యాంట్ అనే ఉచిత ప్రోగ్రాము. కంపెనీ డ్రైవరుతో దానికి పనిలేదు. అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు బోర్డు మీద కూడా నడుస్తుంది. ఒకవైపు పాత హెడ్ యూనిట్‌తో దాని మూగభాషలో మాట్లాడుతుంది, మరోవైపు గాలిలోకి యాంట్ ప్లస్ కొత్త ట్రైనరులా పలుకుతుంది. విండోస్ 11 ల్యాప్‌టాప్‌కు పాత యంత్రం ఉన్న సంగతే తెలియదు. గోల్డెన్ చీటా అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనైతే రోడ్డు మీద తొక్కినప్పుడు జీపీఎస్ రాసిపెట్టిన దారిని తెచ్చి పెట్టుకోవచ్చు. కృష్ణగిరి నుంచి ఒకసారి తొక్కి తెచ్చుకుంటే చాలు. బోర్డు మీద దీపం వెలుగుతుంది, ఫర్మ్‌వేర్ లోపలికి వెళుతుంది, హెడ్ యూనిట్ ఒకసారి మాయమై మళ్లీ వస్తుంది. తెర మీద చుక్క శూలగిరి దగ్గరకు చేరేసరికి, ఏళ్ల నాటి ఆ బ్రేకు మెల్లగా బిగుసుకోవడం మొదలవుతుంది.