సంతకానికీ శాసనానికీ మధ్య

2010 మే 6వ తేదీన దేశమంతా ముంబయి వైపు చూస్తున్నది. 2008 నవంబరు దాడులలో సజీవంగా పట్టుబడిన కసబ్‌కు అక్కడి ప్రత్యేక న్యాయస్థానం ఆ రోజున మరణశిక్ష విధించింది. అదే రోజున ఢిల్లీలో, నేను పత్రికా గ్యాలరీలో కూర్చుని వుండగా, లోక్‌సభ చిత్రహింసల నిరోధక బిల్లును ఆమోదించింది. నేను పంపిన వార్త మర్నాడు లోపలి పుటలో నాలుగు వాక్యాలకు కుదించుకుపోయింది. డెస్కును తప్పుపట్టలేను. అంతకంటె ప్రాధాన్యం ఇమ్మని నేనూ అడగలేదు. ఆ నాలుగు వాక్యాల తరువాతి కథను పాఠకులకు నివేదించవలసిన బాకీ నాకు మిగిలింది.

చిత్రహింసల వ్యతిరేక ఒడంబడికను ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ 1984 డిసెంబరు 10న ఆమోదించింది. 1987 జూన్ 26న అది అమలులోకి వచ్చింది. అంతకు చాలా ముందే, 1977లో, చిత్రహింసలకు పాల్పడబోమని ప్రతి దేశమూ తనంతట తాను ప్రకటించాలని సమితిలో తీర్మానం ప్రతిపాదించినది మనమే. అత్యవసర పరిస్థితి ముగిసిన సంవత్సరం అది. జైలు గోడల లోపలి సంగతులు స్వయంగా ఎరిగినవారు మంత్రులై వుండిన కాలం. ఒడంబడికపై మాత్రం 1997 అక్టోబరు 14న సంతకం చేశాం. సంతకం ఉద్దేశాన్ని తెలుపుతుంది. పూర్తి బాధ్యత ధ్రువీకరణతోనే ఆరంభమవుతుంది. ఈ వ్యాసం రాసేనాటికీ ఆ ధ్రువీకరణ జరగలేదు.

నేపాల్ 1991లో, శ్రీలంక 1994లో, బంగ్లాదేశ్ 1998లో, పాకిస్తాన్ 2010లో ఈ ఒడంబడికకు కట్టుబడినవి. అక్కడి ఠాణాలు మన ఠాణాలకంటె దయగలవని చెప్పేటంత అమాయకుణ్ణి కాను. అయితే కట్టుబడిన దేశం జెనీవాలో పదిమంది నిపుణుల కమిటీకి నివేదిక సమర్పించి, ప్రశ్నలకు సమాధానం చెప్పుకోవాలి. మన సభలలోని ప్రశ్నోత్తరాల సమయం వంటిదే అది. జవాబు దాటవేత కావచ్చు; ప్రశ్న మాత్రం రికార్డులో నిలిచిపోతుంది.

మన బిల్లులో లోపాలు లేకపోలేదు. బాధితుడు ఆరు నెలల లోపల ఫిర్యాదు చేయాలన్నది వాటిలో ఒకటి. రాజ్యసభ దానిని సెలెక్ట్ కమిటీకి పంపింది. అశ్వనీ కుమార్ అధ్యక్షతన ఆ కమిటీ అదే ఏడాది డిసెంబరులో నివేదిక సమర్పిస్తూ, గడువును రెండేళ్లకు పెంచమన్నది. ఆ తరువాత బిల్లు కదలలేదు. 2014లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. మధ్యకాలంలో న్యాయశాఖ మంత్రిగా కూడా పనిచేసిన అశ్వనీ కుమార్, 2016లో సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 2017లో లా కమిషన్ తన 273వ నివేదికలో ధ్రువీకరణను సిఫారసు చేసి, ముసాయిదా బిల్లును కూడా జతచేసింది. శాసనం చేయమని పార్లమెంటును ఆదేశించజాలమని 2019 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అందులో తప్పు లేదు. కమిటీ అధ్యక్షుడే కోర్టుకు పోవలసి రావడమే విచారించదగిన విషయం.

పోలీసు వ్యవస్థ రాష్ట్రాల జాబితాలోనిది కదా అంటారు. ఒడంబడికల అమలుకు ఏ విషయంపైనైనా శాసనం చేసే అధికారాన్ని రాజ్యాంగం 253వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. వున్న చట్టాలు చాలునన్నది మరొక వాదన. నేరం ఒప్పించడానికి గాయపరిస్తే పాత శిక్షాస్మృతిలోనూ శిక్ష వున్నది, 2024 జూలైలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ వున్నది. కాని లాకప్‌లో సాక్షి ఎవరు? కొట్టినవారి సహోద్యోగులే. నిర్బంధంలో తగిలిన గాయం పోలీసు చేసినదేనని న్యాయస్థానం భావించే వీలు కల్పించమని లా కమిషన్ 1985లోనే సూచించింది. కొత్త సాక్ష్య చట్టంలోనూ ఆ సూచనకు చోటు దొరకలేదు.

ఈ ఉపేక్షకు మూల్యం లేదనుకోరాదు. 1995 డిసెంబరులో పురూలియాలో విమానం నుంచి ఆయుధాలు జారవిడిచిన కేసులో నిందితుడైన కిమ్ డేవీని అప్పగించమని మనం డెన్మార్క్‌ను కోరాం. ఇక్కడ అతడు చిత్రహింసలకు గురయ్యే ప్రమాదం వున్నదంటూ 2011లో అక్కడి హైకోర్టు నిరాకరించింది. 2024లో మరొక డేనిష్ న్యాయస్థానం కూడా నిరాకరించింది.

కసబ్ వంటివాడికి సైతం బహిరంగ విచారణ జరిపి, న్యాయవాదినిచ్చి, అప్పీలు హక్కు కల్పించిన దేశం మనది. అందుకు నేను గర్వించాను. మేకను దొంగిలించాడన్న అనుమానంతో అర్ధరాత్రి ఠాణాకు తెచ్చిన కూలివాడికి తెల్లవారేదాకా ఆ పాటి రక్షణ ఇవ్వలేమా? ఆ బిల్లు తిరిగి సభకు వచ్చేనాటికి గ్యాలరీలో నేను వుంటానో లేదో చెప్పలేను. వున్నవారు నాలుగు వాక్యాలతో సరిపుచ్చరాదని నా మనవి.