థైరాయిడ్ గ్రంథి – ఎముకల ఆరోగ్యం

డెబ్బై ఏళ్ళు దాటిన మా మేనత్త ఒకనాటి వేకువజామున పెరటి గడప దాటుతూ కాలు జారి కూర్చుండిపోయారు. పెద్ద ఎత్తు నుండి పడినది కాదు. అంతమాత్రానికే తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్సకు ముందు చేసిన రక్తపరీక్షలలో మరొక సంగతి బయటపడింది. పద్నాలుగు సంవత్సరాలుగా ఒకే మోతాదులో ఆమె వేసుకొంటున్న థైరాయిడ్ మాత్ర ఇప్పుడామె శరీరానికి ఎక్కువైపోయింది. గడచిన ఆరేళ్ళలో ఆమెకు ఒక్కసారి కూడా ఆ పరీక్ష జరగలేదు. చేయించాలని ఇంట్లో ఉన్న మాకూ తోచలేదు. “ఏమిరా నాయనా, మెడలో ఉన్న గ్రంథికీ తుంటిలో ఉన్న ఎముకకూ సంబంధమేమిటి?” అని ఆమె మంచం మీద నుండి అడిగినప్పుడు నేను సరిగా సమాధానం చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నకు సమాధానాన్ని పాఠకులతో కలిసి ఈ వ్యాసంలో తెలుసుకొనే ప్రయత్నం చేస్తాను.

ఎముక రాతివలె ఒకసారి ఏర్పడి అట్లే ఉండిపోయేదని చాలామంది భావిస్తారు. అది నిజం కాదు. పాత పెంకుటింటికి ఏటేటా మరమ్మతు చేసినట్లు మన అస్థిపంజరానికీ నిరంతరం మరమ్మతు జరుగుతూనే ఉంటుంది. ఒక జాతి కణాలు పాతబడిన ఎముకను తవ్వి తీసివేస్తాయి. వాటిని ఆస్టియోక్లాస్టులంటారు. ఆస్టియోబ్లాస్టులనే మరొక జాతి కణాలు ఆ గుంటను కొత్త ఎముకతో పూడ్చివేస్తాయి. తవ్వకం కొద్ది వారాలలో ముగుస్తుంది. పూడిక మాత్రం నెలల తరబడి సాగుతుంది. ఒక్కొక్క చోట ఈ పని పూర్తి కావడానికి సుమారు 200 రోజులు పడుతుంది.

ఈ పని ఎంత వేగంగా జరగాలో నిర్ణయించే వాటిలో థైరాయిడ్ హార్మోను ముఖ్యమైనది. అది రక్తంలో మితిమీరినప్పుడు మరమ్మతు చక్రం దాదాపు సగం కాలానికి కుదించుకుపోతుంది. తవ్వేవారు చకచకా తవ్వుకొంటూ పోతారు, పూడ్చేవారు వారిని అందుకోలేరు. ప్రతి చక్రంలోనూ కొంత గుంట పూడకుండానే మిగిలిపోతుంది. ఇట్లు సంవత్సరాలు గడిచేసరికి ఎముక లోలోపల గుల్లబారుతుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు. విరిగిన నాడే తెలుస్తుంది. జర్మన్ వైద్యశాస్త్రవేత్త ఫాన్ రెక్లింగ్‌హౌసెన్ 1891లోనే ఈ సంబంధాన్ని గమనించారు. థైరాయిడ్ అతిచురుకుదనంతో మరణించిన ఒక యువతి ఎముకలు పురుగు తొలిచినట్లు ఉన్నాయని ఆయన వర్ణించారు.

హార్మోను మితిమీరడానికి గ్రేవ్స్ వ్యాధి వంటివి ఒక కారణం. వాటిలో గుండెదడ, చేతుల వణుకు, విపరీతమైన చెమట, బరువు తగ్గడం వంటి లక్షణాలు కనబడతాయి గనుక రోగి తానుగానే వైద్యుని వద్దకు వెళతాడు. రెండవ కారణం అవసరానికి మించిన మాత్ర. ఇది నిశ్శబ్దంగా సాగుతుంది. వయసు పైబడిన కొద్దీ, బరువు తగ్గిన కొద్దీ చాలామందికి మాత్ర అవసరం తగ్గుతుంది. చీటీలోని మోతాదు మాత్రం మారదు. మందుల దుకాణంలో పాత డబ్బా చూపించి అదే మళ్ళీ తెచ్చుకొంటాము.

ఇక్కడ టీఎస్‌హెచ్ పరీక్షను గురించి ఒక మాట చెప్పాలి. ఎందరో దీనిని తలక్రిందులుగా అర్థం చేసుకొంటున్నారు. టీఎస్‌హెచ్ థైరాయిడ్ గ్రంథిలో పుట్టేది కాదు, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే ఆజ్ఞ. హార్మోను చాలనప్పుడు పిట్యూటరీ గట్టిగా కేకలు వేస్తుంది, అంకె పెరుగుతుంది. హార్మోను ఎక్కువైనప్పుడు మౌనం వహిస్తుంది, అంకె పడిపోతుంది. కనుక రిపోర్టులో అంకె బాగా తగ్గిందని సంతోషించకూడదు. సాధారణంగా అది 0.4 నుండి 4 వరకు ఉండాలి. అమెరికాలో 65 ఏళ్ళు దాటిన స్త్రీలపై జరిగి 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో, టీఎస్‌హెచ్ 0.1 లేదా అంతకన్న తక్కువ ఉన్నవారికి తుంటి ఎముక విరిగే ముప్పు మూడు రెట్లకు పైగా ఉన్నట్లు తేలింది. వెన్నుపూసల విషయంలో అది నాలుగు రెట్లకు పైమాటే.

ఇది చదివి ఎవరూ మాత్ర మానివేయవద్దు. హార్మోను లోపించినా కండరాలు బలహీనపడతాయి, నడక మందగిస్తుంది, పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. పసిపిల్లలలో అయితే ఎముకల ఎదుగుదలే ఆగిపోతుంది. థైరాయిడ్ క్యాన్సర్‌కు చికిత్స పొందినవారిలో కొందరికి వైద్యులు ఉద్దేశపూర్వకంగానే టీఎస్‌హెచ్‌ను తక్కువగా ఉంచుతారు. వారు సొంతంగా మోతాదు తగ్గించుకోవడం ప్రమాదకరం.

మాత్రను వేకువనే పరగడుపున మంచినీటితో వేసుకొని, అరగంట నుండి గంట వరకు కాఫీ కూడా ముట్టకుండా ఉండాలి. మన ఇళ్ళలో ఈ నియమానికి కాఫీయే మొదటి శత్రువు. ఉపవాస దినాలలో మాత్ర వేసుకోవచ్చునా అని పలువురు అడుగుతూ ఉంటారు. గుక్కెడు నీటితో వేసుకొనేది గనుక సాధారణ ఉపవాసానికి అడ్డు కాదు. నిర్జల ఉపవాసం చేసేవారు ఒకరోజు తప్పినా పెద్ద నష్టం లేదు, ఆ మందు శరీరంలో సగానికి తగ్గడానికే సుమారు ఏడు రోజులు పడుతుంది.

కాల్షియం, ఐరన్ మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం తప్పనిసరి. రెండూ కలిపి మింగితే కాల్షియం థైరాయిడ్ మందును పట్టివేసి రక్తంలోకి పోనివ్వదు. అప్పుడు టీఎస్‌హెచ్ పెరుగుతుంది, వైద్యుడు మోతాదు పెంచుతాడు. కొన్నాళ్ళకు కాల్షియం అయిపోయిందని మానివేస్తాము. పెంచిన మోతాదంతా ఒక్కసారిగా శరీరానికి అందుతుంది. ఎముకల కోసం మొదలుపెట్టిన మాత్రే ఇట్లు చుట్టు తిరిగి ఎముకలకు కీడు చేస్తుంది. జుట్టు రాలకుండా వాడే బయోటిన్ మాత్రలు కొన్ని పరీక్షలలో టీఎస్‌హెచ్‌ను లేనిపోని తక్కువగా చూపిస్తాయి. రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు నుండి వాటిని ఆపాలి.

మోతాదు మార్చినప్పుడు ఆరు నుండి ఎనిమిది వారాలకు, అంతా సక్రమంగా ఉంటే ఏడాదికొకసారి టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోవాలి. 65 ఏళ్ళు దాటిన స్త్రీలు, ముట్లుడిగిన తరువాత చాలాకాలం హార్మోను ఎక్కువై ఉన్నవారు డెక్సా అనే ఎముకల సాంద్రత పరీక్షను గురించి వైద్యుని అడగడం మంచిది. అందులో టీ-స్కోరు మైనస్ 2.5 లేదా అంతకన్న తక్కువ ఉంటే బోలు ఎముకల వ్యాధిగా పరిగణిస్తారు.

పెద్దలకు రోజుకు సుమారు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల రాగులలో 350 వరకు లభిస్తుంది. రాగులను మొలకెత్తించినా, అంబలిగా పులియబెట్టినా ఆ కాల్షియం మరింత బాగా ఒంటబడుతుంది. పాలు, పెరుగు, నువ్వులు సరేసరి. ఎండకు కొదవ లేని మన ప్రాంతంలోనే విటమిన్ డి లోపం విస్తారంగా ఉన్నదని తిరుపతి శ్రీవేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2007లో వెల్లడించారు. పల్లెవాసులు, పట్టణవాసులు అన్న తేడా లేకుండా ఇద్దరిలోనూ ఆ లోపం కనబడింది.

మేనత్త మాత్రను వైద్యులు సగానికి తగ్గించారు. ఆమె ఇప్పుడు చేతికర్ర సాయంతో పెరటి వరకు నడుస్తున్నారు. గడప దగ్గర గోడకు ఒక పట్టుకొయ్య బిగించాము. వంటింటి క్యాలెండరులో రాబోయే పరీక్ష తేదీ చుట్టూ ఆమె స్వయంగా ఎర్ర సిరాతో సున్న చుట్టారు.