కుక్కపిల్లకు తొలి పాఠము

గోదావరి డెల్టాలో సార్వా కోతలు ముగిసి, కుప్పలు నూర్చి, కొత్తగడ్డిని మేటులుగా వేయు రోజులలో పల్లెలయందు కుక్కలు పిల్లలను పెట్టును. గడ్డిమేటు చాటున, పశువులపాక మూలను, కొబ్బరికమ్మల కుప్ప క్రింద నాలుగైదు పిల్లలు ఒకదానిపై నొకటి పడి నిద్రించుచుండును. కన్నులు తెరచిన కొలది దినములకే అవి తూలుచు బయటికి వచ్చును. వానిలో నొకదానిని ఇంటి బాలుడో బాలికయో ఎత్తుకొని వచ్చి, పేరు పెట్టి, పాలు పోయుట ఏటేట జరుగు వేడుకయే.

వేడుక నెల దినములు సాగునో లేదో, చిక్కు మొదలగును. ముద్దు చేయబోయిన చేతిని పిల్ల కొరుకును. పరికిణీ అంచు పట్టి లాగును. పరుగెత్తువాని మడమను పట్టుకొనును. సూదులవంటి దంతములు దిగి రక్తము చిందును. “ఇది కరచు కుక్క” యని పెద్దలు నిశ్చయింతురు. దానిని సంచిలో వేసి కాలువ ఆవలి గట్టుననో, సంత జరుగు చోటనో విడిచి వచ్చుటయు కలదు. అట్లు విడువబడిన పిల్లలు ఆకలిచేతను, బండ్ల క్రింద పడియు చచ్చును. బ్రతికినవి మనుష్యుని నమ్మక, భయముచే కరచు వీథికుక్క లగును. ఇంటిలో ఎవరైనను సకాలమున ఒక చిన్న పాఠము నేర్పియుండినచో ఇంత కీడు రాకపోయెడిది.

కుక్కపిల్ల ఎందులకు కరచును? కోపము వలన నని పలువురి తలంపు. అది సరికాదు. కుక్కకు చేతులు లేవు. వస్తువును పట్టి చూచుటకును, లాగుటకును, తోటివానిని ఆటకు పిలుచుటకును దానికి నోరే సాధనము. పుట్టిన మూడు, నాలుగు వారములకు దానికి పాలదంతములు మొలవసాగును. అవి మొత్తము 28. వాని కొనలు మిక్కిలి సన్నము. కావున దవడలకు బలము రాకమునుపే అవి మన చర్మమును చీల్చగలవు. నాలుగవ నెల మొదలు ఇవి ఊడి, ఆరేడు నెలలు నిండునప్పటికి 42 శాశ్వతదంతములు వచ్చును. ఆ నడిమి కాలమున చిగుళ్ళ బాధచే పిల్ల కనబడినదెల్ల కొరుకును.

కాటు ఎంత మెత్తగా ఉండవలెనో దానికి మొదట నేర్పునవి తల్లియు తోబుట్టువులును. ఆటలో ఒకటి గట్టిగా కరచినచో, రెండవది కుయ్యిమని అరచి ఆట మానివేయును. పాలు కుడుచునపుడు దంతము నాటినచో తల్లి లేచిపోవును. గట్టిగా కరచిన ఆటయు పోవును, పాలును పోవును అని పిల్ల క్రమముగా తెలిసికొనును. ఎనిమిది వారములు నిండకుండ పిల్లను తల్లినుండి వేరు చేసినచో ఈ చదువు నడుమనే నిలిచిపోవును. అమెరికాలోని బార్ హార్బర్ పట్టణమున జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు కుక్కపిల్లల పెరుగుదలను అనేక సంవత్సరములు పరిశీలించి, 1965లో ఒక గ్రంథమును ప్రకటించిరి. మూడవ వారము మొదలు సుమారు పండ్రెండవ వారము వరకు గల కాలములోనే కుక్కపిల్ల ఇతరులతో కలసి మెలగుట నేర్చుకొనునని వారి పరిశీలనలో తేలినది. కనుక పిల్లను ఎనిమిది వారములు తల్లికడనే యుంచి, తల్లి కెరుకైనవారు దినమున కొంతసేపు దానిని నిమురుచు, ఎత్తుచు నుండుట మేలు.

ఈ స్వభావము కుక్కకు మాత్రమే చెందినది కాదు. ఐరోపావారు కుందేళ్ళను బొరియలనుండి వెడలగొట్టుటకు ఫెరెట్ అను చిన్న జంతువును పూర్వకాలమునుండి పెంచుచున్నారు. అది ముంగిసవలె పొడవైన దేహమును, పొట్టి కాళ్ళును గలది. దాని పిల్లలు ఒకదాని మెడను మరియొకటి కరచి పట్టి ఆడుకొనును. అచట చర్మము దళసరి యగుటచే వానికి అంతగా నొప్పి కలుగదు. మనుష్యుని చర్మము పలుచనిదని ఎవరైన నేర్పినగాని వానికి తెలియదు. ఫెరెట్లను పెంచు నేర్పరులును పిల్లను కొట్టక, అది కరచినంతనే ఆట నిలిపి, ఓర్పుతో మచ్చిక చేసికొందురు.

గోదావరి సీమలో ఫెరెట్ లేదు. దాని కుటుంబమునకు చెందిన నీటికుక్క కాకినాడ చెంతనున్న కోరింగ అభయారణ్యపు మడ అడవులలో కలదు. రూపమున ఫెరెట్‌ను పోలిన ముంగిస పొలముగట్లపై కనబడును. ఈ రెండును 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే రక్షింపబడు జంతువులు. వానిని పట్టి పెంచుట నేరము. ఇంటింట పెంచదగిన ప్రాణి, ఈ విద్య నేర్పదగిన ప్రాణి ఇచట కుక్కపిల్లయే.

నేర్పవలసిన విధము కష్టమైనది కాదు. మొదట పిల్లను ఎత్తుట తెలియవలెను. ఒక చేయి రొమ్ము క్రిందను, మరియొక చేయి పిరుదుల క్రిందను ఉంచి, నేలకు దగ్గరగా పట్టవలెను. చెవులు, కాళ్ళు, మెడపైని చర్మము పట్టి ఎత్తరాదు. నొప్పి కలిగినను, పడిపోవుదునని భయము తోచినను అది కరచును. నిద్రించుచున్నప్పుడును, తినుచున్నప్పుడును దానిని తాకరాదు.

ఆటలో దంతము తగిలినప్పుడు చేతిని చటుక్కున లాగుకొనరాదు. కదలు వస్తువును వెంబడించుట దానికి పుట్టుకతో వచ్చిన గుణము. చేయి ఎంత వేగముగా పారిపోయిన, అది అంత ఉత్సాహముతో వెంటబడును. చేతిని కదల్పక, మెల్లగా “అయ్యో” అని, అది వదలినంతనే ముఖము త్రిప్పుకొని ఊరకుండవలెను. ఇరువది అంకెలు లెక్కించునంతసేపు దానిని చూడరాదు, పలుకరింపరాదు. తరువాత మరల ఆటకు పిలువవచ్చును. కరచినచో ఆట పోవును, మెల్లగా నున్నచో ఆట సాగును అను నియమము దానికి ఇట్లు బోధపడును. తల్లి నేర్పిన పాఠమునే మనుష్యుడు కొనసాగించినట్లగును.

వలదనుట మాత్రమే చాలదు; కొరుకదగినది చూపవలెను. పాతగుడ్డను ముడివేసి, చన్నీట తడిపి ఇచ్చిన చిగుళ్ళకు హాయిగా నుండును. పాతచెప్పు నియ్యరాదు, పాతచెప్పునకును కొత్తచెప్పునకును భేదము దానికి తెలియదు. ఉడికించిన కోడి ఎముకలు చీలి గొంతులో గ్రుచ్చుకొనును గనుక అవియు కూడవు. దినమున రెండుమూడు మారులు పిల్లను చేరదీసి, పాదములు, చెవులు, మూతి మెల్లగా తాకుచు, ఊరకున్నందుకు ఒక్కొక్క అన్నపు ముద్ద పెట్టవలెను. ఇంటిలో అందరు ఒకే నియమము పాటింపవలెను. తమ్ముడు చేయి కరపించుకొని నవ్వుచు, అక్క వలదనుచున్నచో పిల్లకు ఏది నమ్మవలెనో తెలియదు.

కుక్కకాటుకు చెప్పుదెబ్బ యను సామెత కలదు. అది మనుష్యుల పగలను గూర్చి చెప్పుకొను మాట. కుక్కపిల్ల పెంపకమునకు పనికిరాదు. కొట్టిన చేతిని చూచి పిల్ల భయపడును. అన్నము పెట్టు చేయియు, కొట్టు చేయియు ఒకటే యైనప్పుడు అది ప్రతి చేతిని శంకించును. గుర్రుమన్నందుకు కొట్టినచో గుర్రుమనుట మానునుగాని భయము మానదు. పెరిగిన పిమ్మట హెచ్చరిక లేకుండ కరచును. దేహము బిగించి, తోక ముడిచి, మూలకు ఒదిగి గుర్రుమను పిల్ల ఆడుట లేదు. తనను విడువుమని వేడుచున్నది. అట్టియెడ దూరముగా జరుగుటయే తెలివి.

ఇంత జాగ్రత్త తీసికొన్నను దంతము దిగి రక్తము వచ్చినచో, చిన్నపిల్లయే కదా యని ఉపేక్షింపరాదు. ప్రాణాంతకమైన రేబిస్ వ్యాధి కుక్కపిల్లలకును సోకును. ఆ వ్యాధి లక్షణములు కనబడిన తరువాత బ్రతికినవారు అత్యంత అరుదు. గాయమును వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటిలో 15 నిమిషములు కడుగవలెను. సున్నము, కారము పూయరాదు. ఇంటిలో చెప్పి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. ఫ్రాన్స్ దేశమున లూయీ పాశ్చర్ 1885 జూలై 6న జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునకు ఈ వ్యాధి రాకుండ తొలుత టీకా వేసెను. పూర్వము మన దేశమున బొడ్డుచుట్టు 14 సూదులు పొడిచెడివారు. ఆ పద్ధతి ఇప్పుడు లేదు. నేటి టీకాలు చేతికే వేయుదురు. వైద్యుడు చెప్పిన తేదీలలో అన్నియు వేయించుకొనవలెను. కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే పశువైద్యశాలలో టీకా వేయింపవలెను. పాశ్చర్ టీకాను స్మరించి జూలై 6న పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగా టీకాలు వేయుట పరిపాటి.

మొక్కై వంగనిది మానై వంగదు. రెండు, మూడు నెలల పాటు ఇంటిల్లిపాది చూపిన ఓర్పునకు ఫలము పదేండ్లకు పైగా దక్కును. అట్లు పెరిగిన కుక్క రాత్రి కళ్ళమును కాచును. క్రొత్తవారిని చూచి మొరుగును. ముల్లు విరిగిన కాలిని ఇంటి బాలికకు నమ్మకముతో అందించి, ఆమె దానిని తీయునంతవరకు కదలక నిలుచును.