ఉచిత వైఫై – పొంచి ఉన్న మోసం

తాడేపల్లికి, విజయవాడకు నడుమ కృష్ణానది ప్రవహిస్తున్నది. చదువు కోసం, ఉద్యోగం కోసం, వ్యాపారం కోసం ఎందరో నిత్యం ప్రకాశం బ్యారేజీ మీదుగా గాని, కృష్ణా కెనాల్ జంక్షన్ నుండి రైలులో గాని నది దాటుతుంటారు. వారి జేబులో నగదు తక్కువే కావచ్చు. కాని సెల్‌ఫోన్‌లో బ్యాంకు ఖాతా ఉంటుంది. గుంటూరు యార్డులో మిర్చి అమ్మగా వచ్చిన ఏడాది కష్టార్జితం ఆ ఖాతాలోనే ఉండవచ్చు. అందుచేత బహిరంగ స్థలాలలో అంతర్జాలాన్ని వాడేవారు దాని మంచిచెడ్డలను తెలుసుకోవాలి.

రైల్‌టెల్, గూగుల్ సంస్థలు కలిసి 2016 జనవరిలో ముంబయి సెంట్రల్ స్టేషన్‌లో ఉచిత వైఫైని ప్రారంభించాయి. అదే సంవత్సరం విజయవాడ, విశాఖపట్నం స్టేషన్లకూ ఆ సౌకర్యం లభించింది. ప్రయాణికుడు తన ఫోన్ నంబరును, దానికి వచ్చిన ఓటీపీని నమోదు చేస్తే చాలు. ఉచిత సేవ పొందడానికి బ్యాంకు కార్డు వివరాలతో గాని, యూపీఐ పిన్‌తో గాని పని లేదు.

మోసానికి మూలం పేరులోనే ఉన్నది. ప్రతి వైఫై తన పేరును ప్రసారం చేస్తుంది. ఆ పేరును ఎవరైనా, ఏ విధంగానైనా పెట్టుకోవచ్చు. మోసగాడు స్టేషన్ వైఫై పేరునే తన పరికరానికి పెట్టి, సమీపంలో కూర్చుంటాడు. లోగడ ఆ పేరుతో అనుసంధానమైన ఫోను, యజమాని ప్రమేయం లేకుండానే దీనితో కలిసిపోవచ్చు. తరువాత అసలు దానిని పోలిన పేజీ ప్రత్యక్షమై రహస్య వివరాలను అడుగుతుంది. ఇది మేకవన్నె పులి.

2010లో ఎరిక్ బట్లర్ అనే అమెరికన్ ‘ఫైర్‌షీప్’ అనే ఉపకరణాన్ని విడుదల చేశాడు. బహిరంగ వైఫైలో ఇతరుల ఖాతాలలోకి ఎంత సులభంగా చొరబడవచ్చో అది నిరూపించింది. అటుపిమ్మట వెబ్‌సైట్లు సమాచారాన్ని గుప్తలిపిలో పంపే పద్ధతిని విస్తృతంగా చేపట్టాయి. చిరునామా వద్ద కనిపించే తాళం గుర్తుకు అర్థం ఇదే. అయితే ఆ గుర్తు దారి భద్రమని మాత్రమే చెబుతుంది. దారి చివర ఉన్నవాడు నిజాయితీపరుడని చెప్పదు. దొంగ వెబ్‌సైటుకూ తాళం గుర్తు ఉండవచ్చు.

కాబట్టి వైఫై పేరును అక్కడి సిబ్బందిని అడిగి నిర్ధారించుకోవాలి. పని ముగిసిన వెంటనే వైఫైని ఆపివేయాలి. తనంతట తానే కలిసే సదుపాయాన్ని తొలగించాలి. బ్యాంకు లావాదేవీలకు సొంత మొబైల్ డేటాను వాడటం మేలు. డబ్బు పంపడానికే యూపీఐ పిన్ కావాలి, పొందడానికి అక్కరలేదు.

సొమ్ము పోయిందని తెలిసిన తక్షణమే 1930 నంబరుకు, బ్యాంకుకు తెలియజేయాలి. దొంగిలించిన ధనం ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు త్వరత్వరగా మారిపోతుంది. ఆలస్యం కాకుంటేనే దానిని నిలిపివేసే అవకాశం ఉంటుంది. సిగ్గుపడి దాచిన ప్రతి గడియా మోసగానికే లాభం. కంప్యూటర్ సాధనాలతో మరొకరి వేషం ధరించి మోసగించినవారికి సమాచార సాంకేతిక చట్టం–2000లోని 66డి సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

చట్టం నేరం జరిగిన తరువాత వస్తుంది. వివేకం ముందే కాపాడుతుంది. పేరును చూసి కాక, అది అడిగే వివరాలను చూసి వైఫైని విశ్వసించడమే ఆ వివేకం.