ఇంటి నుంచి వీధికి కరెంటు

కరెంటు వీధిలో నుంచి ఇంట్లోకి వస్తుందని అందరికీ తెలుసు. కాని ఇంట్లో నుంచి వీధిలోకి కరెంటు పోయే ఏర్పాటు కూడా ఒకటి ఉన్నది. అది టెలిఫోను తీగ గుండా పోతుంది!

1876లో గ్రాహంబెల్ టెలిఫోనుకు పేటెంటు పొందాడు. ఆ తొలిరోజుల్లో టెలిఫోను ఉన్న చాలా ఇళ్ళలో దానికొక బ్యాటరీ ఉండేది. అది నీరసిస్తే మాట వినపడేది కాదు. ఇంటింటికీ తిరిగి బ్యాటరీలు మార్చటం పెద్ద శ్రమ. అందుచేత తరవాత బ్యాటరీలన్నీ ఎక్స్చేంజిలోనే పెట్టి, మాట పోయే రాగితీగల గుండానే ఇళ్ళకు 48 వోల్టుల విద్యుత్తు పంపసాగారు. ఊళ్ళో దీపాలన్నీ ఆరిపోయినా టెలిఫోను పనిచేసిందంటే కారణం ఇదే.

ఆ పైన గాజుపోగులు వచ్చాయి. వెంట్రుకంత సన్నని ఈ పోగుల్లో మాటలూ, బొమ్మలూ కాంతి రూపంలో ప్రయాణం చేస్తాయి. కాని గాజులో విద్యుత్తు ప్రవహించదు. కొన్నిచోట్ల గాజుపోగును ఇంటిదాకా తీసుకుపోక, వీధిలో ఉన్న చిన్న పెట్టె దాకా వేసి ఆపుతారు. అక్కడి నుంచి ఇంటికి పాత రాగితీగే. కాంతిని విద్యుత్ సంకేతాలుగా మార్చే ఆ పెట్టెకు కరెంటు కావాలి. వీధివీధికీ ఉండే ఇన్ని పెట్టెలకు వేరే కరెంటు తీగలు వేయాలంటే ఎంత ఖర్చు!

ఇంజనీర్లు ఒక ఉపాయం పన్నారు. ఇంటికి వచ్చే రాగితీగ ఉన్నదిగదా, దాని గుండానే ఇంటి కరెంటును పెట్టెకు పంపితే సరి! ఆస్ట్రేలియాలో 2018లో ఇళ్ళకు ఇలాటి ఏర్పాటు ఇవ్వసాగారు. గోడప్లగ్గుకు తగిలించిన చిన్న యంత్రం ఈ పని చేస్తుంది.

ఒకే తీగలో సంకేతాలూ, విద్యుత్తూ కలిసిపోవా? కలిసిపోవు. విద్యుత్తు ఒకే దిక్కుగా నిలకడగా పోతుంది. సంకేతాలు సెకండుకు లక్షలసార్లు కంపిస్తాయి. జల్లెడ పిండినీ, తవుడునూ వేరుచేసినట్టు, ఒక సాధనం వీటిని రెంటినీ వేరుచేస్తుంది.

అక్కడ ఒక్కొక్క పెట్టె నాలుగు ఇళ్ళదాకా పనిచేస్తుంది. ముగ్గురు తమ యంత్రాలను ఆపి ఊరికి వెళ్ళినా, నాలుగో ఇంటి కరెంటు ఒక్కటే పెట్టెను నడపగలదు. అందుకు చిన్న దీపానికి పట్టేంత విద్యుత్తు చాలు.

అయితే ఇందులో ఒక చిక్కున్నది. మీ ఇంట్లో కరెంటు పోయిందనుకోండి. పొరుగింటివాళ్ళ కరెంటుతో పెట్టె నడుస్తూనే ఉంటుంది, కాని మీ ఇంటి యంత్రం ఆగిపోతుంది. దానితోపాటు టెలిఫోనూ మూగబోతుంది. ఆ సమయంలోనే ఇంట్లో ఎవరికైనా జబ్బుచేసి డాక్టరును పిలవవలసివస్తే? అందుకని ముందుచూపున్నవాళ్ళు ఇంట్లో ఒక బ్యాటరీ సిద్ధంగా ఉంచుకుంటారు.

చూశారా! ఒకప్పుడు ఇంటి నుంచి ఎక్స్చేంజికి వెళ్ళిపోయిన బ్యాటరీ, నూరేళ్ళు దాటాక మళ్ళీ ఇంటికే వచ్చింది!