నేల చలికి ఏ చాప?

పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర. ఆయనకు సెలవు దొరికితే నిరుడు కోర్పనా నుంచి అందరం పోయినం. రాత్రి అత్తమ్మకు ప్లాస్టిక్ చాప పరిచి, రెండు దుప్పట్లు కప్పిన. తెల్లారేసరికి ఆమె నడుము పట్టేసింది, లేవలేకపోయింది. తప్పు నాదే. చలంతా పైనుంచే వస్తదనుకున్నా.

నేల కూడా ఒంటి వేడిని లాగేస్తది. పైన కప్పిన దుప్పటిలో నిలిచిన గాలి వేడిని ఆపుతది. కింద పరిచిన దుప్పటి మన బరువుకు అణిగిపోతది, గాలి మిగలదు. ప్లాస్టిక్ చాప తేమను ఆపుతది గానీ చలిని ఆపదు. గాలి నింపే పరుపు మెత్తగుంటది, కానీ దానికి ఒక్క తుమ్మముల్లు చాలు.

అందుకే ఈసారి వేలు మందం ఫోమ్ చాప కొన్నా. తేలిక, చుట్టి భుజాన వేసుకోవచ్చు. దుకాణంలో బొటనవేలితో నొక్కి చూడండి. గుంట పడి అట్లనే ఉంటే వద్దు. కొనలేకపోతే ప్లాస్టిక్ చాప మీద మందంగా ఎండు వరిగడ్డి, ఆపైన గొంగడి వేయండి. గడ్డి పరిస్తే పొయ్యికి దూరంగా పడుకోండి.

అత్తమ్మ ఈసారీ వస్తానంటోంది. కొన్నది ఒక్కటే చాప. అది ఆమెకే.