స్త్రీధనము – మరణశాసనము

మరణశాసనమను మాట చెవిని బడినంతనే అపశకునమని ముఖము త్రిప్పుకొనువారు మనలో ననేకులు గలరు. వీలునామా వ్రాయుట పురుషుల పనియనియు, మన పేర నేమున్నదనియు మఱికొందఱందురు. పసుపుకుంకుమల క్రింద వచ్చిన పొలము, ఒంటిమీది నగలు, బ్యాంకులో దాచిన సొమ్ము మనవి గావా?

స్త్రీధనము ముందుగా కుమార్తెలకు జెందునని మితాక్షరలో విజ్ఞానేశ్వరుడు నిర్ణయించెను. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము స్త్రీని తన యాస్తికి సంపూర్ణ యజమానురాలిని జేసినది. ఇది గొప్ప మేలే. కాని యా చట్టముననే 15వ సెక్షనొకటి కలదు. వీలునామా లేక స్త్రీ మరణించినచో ఆమె యాస్తి భర్తకును, బిడ్డలకును, ముందే గతించిన బిడ్డల సంతానమునకును జెందును. వారెవరును లేనిచో భర్త వారసులకు బోవును. వారును లేకున్నగాని కన్నతల్లికి రాదు! తలిదండ్రులనుండి వారసత్వముగా వచ్చినది మాత్రము, సంతానము లేనిచో, తండ్రి వారసులకు మరలును. దానముగా నిచ్చిన పసుపుకుంకుమల పొలమునకుగాని, స్వార్జితమునకుగాని యీ మినహాయింపు లేదు.

సుప్రీంకోర్టు తీర్పులలో నొక గాథ యున్నది. 1955లో వివాహమైన యొక యువతికి మూడు మాసములలోనే భర్త పాముకాటుచే మరణించెను. అత్తవారామెను వెడలగొట్టిరి. పుట్టినింటివారు చేరదీసి చదివించిరి. ఆమె ఉద్యోగము చేసి ధనము కూడబెట్టి, 1996లో వీలునామా లేకయే గతించెను. కన్నతల్లి బ్రదికియే యున్నది. ఐనను భర్త తోబుట్టువు కుమారులు వచ్చి యాస్తి తమదనిరి. సానుభూతి మాత్రమే హక్కును నిర్ణయింపజాలదని 2009లో న్యాయస్థానము వారికే యిప్పించెను.

మా బంధువులలో నొక వృద్ధ వితంతువు కుట్టుపని చేసి చిన్న యిల్లు కొనుక్కొనెను. తన్ను సాకిన చెల్లెలి కూతురిపేర ముఖ్తారునామా వ్రాసియిచ్చి, “ఇల్లు నీదేనమ్మా” యని నిశ్చింతగా నుండెను. ముఖ్తారునామా ఇచ్చినవారి ప్రాణముతోడనే పోవునని యామెకు జెప్పినవారు లేరు. ఆమె పోయినపిమ్మట ఆ పిల్ల సంతకము బ్యాంకులో చెల్లలేదు. ఏనాడును గ్రుక్కెడు నీళ్లందింపని మఱది కొడుకు వచ్చి యింటికి తాళము వేసెను. వ్రాసిన గుమాస్తాను దూషించి ఫలమేమి? అడిగినదే యతడు వ్రాసెను.

వీలునామాకు స్టాంపు కాగితమక్కఱలేదు, తెల్లకాగితము చాలును. తెలుగున వ్రాసినను చెల్లును. మనము సంతకముగాని వ్రేలిముద్రగాని వేయుచుండగా ఇద్దఱు సాక్షులు చూచి, మన యెదుటనే తామును సంతకము చేయవలెను. రిజిస్ట్రీ విధిగాదు గాని చేయించుట మేలు. రేపు వివాదము వచ్చినచో సాక్షులలో నొక్కరైనను కోర్టులో పలుకవలసి యుండును గనుక మనకంటె చిన్నవారిని ఎంచుకొనుట తెలివి. ఆస్తి పొందువారిని సాక్షులుగా బెట్టవలదు. నగలు కూతుండ్రకని యూరకుండక, కాసులపేరెవరికో, వంకీలెవరికో విడివిడిగా వ్రాయవలెను. అక్కచెల్లెండ్ర నడుమ మాటలు నిలిచిపోవునది అక్కడనే. మనసు మాఱినచో ఎన్నిసార్లైనను తిరిగి వ్రాయవచ్చును. కడపటిదే చెల్లును గనుక తేదీ మఱువరాదు.

మూసిన కవరులో బెట్టి జిల్లా రిజిస్ట్రారువద్ద దాచు పద్ధతియు గలదు. ఇంటనే యుంచుకొనువారు ఆ చోటు నొక్కరికైన జెప్పవలెను. మేము గత శ్రావణమున వ్రాసినది నగల పెట్టెలో నడుగున నున్నది. తాళపుచెవి యెచట నుండునో మా పెద్దమ్మాయి యెఱుగును.